ఎంత పెడతారు? మూడు ఊళ్లలో ఒక సర్వే డైరీ

జూన్ 12

మా నాయనమ్మ బీపీ గోలీలు రోజు విడిచి రోజు వేసుకునేది. పదిహేను గోలీల షీటు ఆమెకు నెలంతా వచ్చేది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, "నెలకు ఒక్క షీటే తీస్కపోయేది" అని మందుల షాపాయన చెబితే గానీ ఆ సంగతి మాకు తెలియలేదు. అడిగితే నాన్న డబ్బులు ఇవ్వనివాడు కాదు. ఆమె అడగలేదు.

పబ్లిక్ హెల్త్ పీజీలో ప్రాజెక్టు ఏం తీసుకుంటావని గైడ్ మేడం అడిగినప్పుడు నాకు ముందు ఆ షీటే గుర్తొచ్చింది. ఈరోజు టాపిక్ ఖాయమైంది. నాగర్‌కర్నూల్ జిల్లాలో మూడు ఊళ్లు, బీపీ గానీ షుగర్ గానీ ఉన్న ఇళ్లు. నెలకోసారి నర్సు ఇంటికే వచ్చి, బీపీ, షుగర్ చూసి, నెలకు సరిపడా గోలీలు ఇచ్చి, మధ్యలో వేసుకుంటున్నారో లేదో ఫోన్ చేసి కనుక్కునే ఏర్పాటు ఉంటే దానికి ఈ ఇళ్లవాళ్లు ఎంత పెడతారు? ఇలాంటి సేవ ఇప్పుడు ఆ ఊళ్లలో లేదు. రేపు పెడితే ఎలా ఉంటుందన్నదే ప్రశ్న.

ఈ ప్రాంతానికి వైద్యం ఖర్చుల విషయంలో ఒక చరిత్ర ఉంది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో పాత మహబూబ్‌నగర్ ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. నాగర్‌కర్నూల్ అప్పుడు మహబూబ్‌నగర్‌లోనే ఉండేది. గుండె ఆపరేషన్ అంటే కార్డు తీసుకుని హైదరాబాద్ బస్సెక్కాలని ఇక్కడ అందరికీ తెలుసు. కానీ ఆ గుండె చెడకుండా నెలనెలా వేసుకోవాల్సిన గోలీని షాపులో కొంటే మాత్రం ఖర్చు సొంత జేబుదే. దేశం మొత్తమ్మీద చూసినా, జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో వైద్యం ఖర్చులో 64.2 శాతం జనం నేరుగా తమ చేతి నుంచి పెట్టుకున్నారు. 2021-22కి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గినా, వంద రూపాయల్లో దాదాపు నలభై ఇంకా ఇంటివాళ్లవే.

జూన్ 20

వారమంతా చదువు. సంతలో వంకాయల విలువ తెలుసుకోవాలంటే ఎవరినీ అడగక్కర్లేదు, ఎంతకు కొంటున్నారో చూస్తే చాలు. సంతలో లేని వస్తువు అయితే? అది ఉన్నట్టు ఒక కథ చెప్పి, ఈ ధరకు తీసుకుంటారా అని అడగాలి. ఈ పద్ధతికి అరవై ఏళ్లు దాటాయి. 1963లో రాబర్ట్ డేవిస్ అనే పరిశోధకుడు అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో అడవులకు వచ్చే వేటగాళ్లను, విహారానికి వచ్చేవాళ్లను ఇలాగే అడిగాడు. వైద్యంలోకి దీన్ని తెచ్చినవాళ్లలో ముందున్న పేరు జాన్ ఆక్టన్. గుండెపోటు వచ్చినవాళ్ల ప్రాణం నిలిపే ఏర్పాటుకు ఎంత ఇస్తారని ఆయన బోస్టన్ ప్రాంతంలో అడిగిన పని 1973లో అచ్చయింది. మా 108 బండి వంటి దానికే ధర అడిగారన్నమాట. అది చదువుతుంటే దగ్గరి విషయంలా అనిపించింది.

తర్వాత 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు కారింది. చచ్చిపోయిన పక్షులకు, పాడైన తీరానికి నష్టపరిహారం ఎంత అన్న గొడవలో ఈ పద్ధతి కోర్టు వాదనల దాకా వెళ్లింది. జనం నోటిమాటగా చెప్పిన అంకెను నమ్మవచ్చా అని తేల్చడానికి అమెరికా ప్రభుత్వం వేసిన కమిటీకి నోబెల్ అందుకున్న ఇద్దరు ఆర్థికవేత్తలు, కెనెత్ ఆరో, రాబర్ట్ సోలో, నాయకత్వం వహించారు. 1993లో వాళ్లు ఇచ్చిన సలహాల్లో మూడు నా నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. మనిషి ఎదురుగా కూర్చుని అడగాలి. "ఎంత?" అని కాకుండా ఒక ధర చెప్పి అవునా కాదా అని అడగాలి. ఈ డబ్బు ఇటు పెడితే మరో ఖర్చుకు తగ్గుతుందని గుర్తు చేయాలి.

మూడోది రాస్తున్నప్పుడు ఆగిపోయాను. మా నాయనమ్మకు ఆ సంగతి ఎవరూ గుర్తు చేయాల్సిన అవసరం లేకపోయింది.

జూన్ 27

ప్రశ్నలు తెలుగులోకి తెచ్చే పని. ఈ ప్రాజెక్టులో సగం పని ఇదేనని ఇవాళ అర్థమైంది.

పుస్తకాల్లో ఉన్న మాట "చెల్లించే సంసిద్ధత". "ఈ ఆరోగ్య సేవ కొరకు ప్రతి నెలా మీరు గరిష్ఠంగా ఎంత మొత్తం చెల్లించుటకు సంసిద్ధులు?" అని రాసి ఆశా అక్కకు వినిపించాను. పదకొండేళ్లుగా ఆ ఊళ్లో పనిచేస్తున్న మనిషి. "కరెంటు బిల్లు నోటీసు లెక్కున్నది మేడం" అంది. అదొక్కటే కాదు, "మాత్రలు" అంటే ముసలివాళ్లకు వెంటనే తట్టదు, "గోలీలు" అనాలి. "ఆసుపత్రి" తీసేసి "దవాఖాన" పెట్టాం. "రక్తపోటు" అంటే ఎవరికీ తెలియదు, బీపీ అంటే అందరికీ తెలుసు.

అసలు చిక్కు క్రియాపదం దగ్గర వచ్చింది. "వంద రూపాయలు పెట్టగలరా?" అంటే అవతలి మనిషికి అది తన స్తోమత గురించిన ప్రశ్న. పొరుగింటావిడ పక్కనే ఉంటే లేనివాళ్లు కూడా "ఎందుకు పెట్టలేం" అంటారు. "పెట్టడం ఇష్టమేనా?" అంటే మర్యాదకు అవునంటారు, ఇంటికొచ్చిన ఆడపిల్లను కాదంటే బాగుండదని. "ఇస్తారా?" అంటే చందా అయిపోతుంది. గుడికో, వినాయక చవితి పందిరికో వసూలుకు వచ్చామనుకుంటారు. ఆశా అక్కా, నేనూ అరుగు మీద కూర్చుని రెండు గంటలు ఒకరినొకరం అడుగుతూ, జవాబు చెప్పుకుంటూ చివరికి ఇక్కడికి వచ్చాం: "నెలకు వంద రూపాయలు అయితే మీరిది తీసుకుంటారా, వద్దంటారా?"

"తీసుకుంటారా" అన్నప్పుడు ఆ మనిషి కొనేవాళ్లవుతారు. సంతలో బేరం చేసినట్టు ఆలోచిస్తారు. "వద్దంటారా" అని మన నోటితోనే చెబితే, వద్దనడం తప్పేమీ కాదని తెలుస్తుంది. ఈ ఒక్క వాక్యం కోసం పోయిన రోజు మీద నాకు ఏ బాధా లేదు.

ప్రశ్నకు ముందు చెప్పే కథలో మేడం ఒక సంగతి తప్పక ఉండాలన్నారు. బీపీ, షుగర్ గోలీలు సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తారని స్పష్టంగా చెప్పాలి. దాన్ని దాచి అడిగితే వచ్చే అంకె అబద్ధం. ఇప్పుడు మేము అడుగుతున్నది గోలీల ధర కాదు. నడక తప్పడం, కూలి పోకపోవడం, ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని చూడడం, వీటన్నిటి ధర.

జులై 4

పైలట్, అంటే అసలు సర్వేకు ముందు చిన్నగా చేసి చూసే పని, మొదలు. ధర చెప్పకుండా "ఎంతయితే తీసుకుంటారు?" అని అడిగితే ఏమవుతుందో మా కళ్లతో చూద్దామని ముందు అలాగే అడిగాం.

పన్నెండు ఇళ్లు. ఎక్కువమంది చెప్పిన జవాబు ఒక్కటే: "నువ్వే జెప్పు బిడ్డా." ఒక అవ్వ, "ఎంతంటే ఏం జెప్తం, అందరెంతిస్తే మేమంత" అంది. ఒకాయన వెయ్యి అన్నాడు, వెనక నుంచి భార్య నవ్వింది, వంద అన్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూదికి ఎంత తీసుకుంటాడో సరిగ్గా ఆ అంకె చెప్పినవాళ్లు ముగ్గురు. చేతికి దొరికిన కొలబద్ద అది. ధర లేని వస్తువుకు ధర పుట్టించమంటే మనిషి తనకు తెలిసిన దగ్గరి ధరను తెచ్చి పెడతాడు. కమిటీ ఎందుకు అవును, కాదు అని అడగమందో ఇప్పుడు బాగా అర్థమైంది.

జులై 9

వాన. నాట్లు. ఇళ్లలో ఎవరూ లేరు. మూడు ఫారాలు.

జులై 16

పద్ధతి మార్చాం. మూడు రకాల చీటీలు: 60, 100, 150. చీటీలో వచ్చిన ధర మొదట చెప్పాలి. తీసుకుంటానంటే పై ధర, వద్దంటే కింది ధర అడగాలి. 60 అయితే తర్వాత 100 లేదా 30. 100 అయితే 150 లేదా 60. 150 అయితే 250 లేదా 100. రెండు ప్రశ్నలతో ఆ మనిషి మనసులోని ధర ఏ రెండు అంకెల మధ్య ఉందో తెలుస్తుంది. ఒక్కొక్కరి అంకె కచ్చితంగా తెలియదు. కానీ అన్ని ఇళ్లూ కలిపితే ధర పెరుగుతున్నకొద్దీ ఎందరు తప్పుకుంటున్నారో గీత గీయవచ్చు.

అందరికీ ఒకే ధరతో ఎందుకు మొదలుపెట్టకూడదని ఆశా అక్క అడిగింది. మొదట చెప్పిన ధర మనిషిని పట్టేస్తుంది. 150తో మొదలుపెడితే 100 చవకగా కనిపిస్తుంది. 60తో మొదలుపెడితే అదే 100 దోపిడీలా కనిపిస్తుంది. చీటీలు కలిపితే ఆ ప్రభావం ఎంతో కూడా లెక్కలో తేలుతుంది. బట్టల షాపులో ముందు ఖరీదైన చీర ఎందుకు పరుస్తారో తెలుసు కదా అన్నాను. వెంటనే తలూపింది.

జులై 23

తప్పు చేశాను. వివరంగా రాసిపెట్టుకోవాలి.

మేడం ఫారాలన్నీ ముందేసుకుని చీటీ ధరకు, ఇంటి పైకప్పుకు పట్టిక వేశారు. రేకుల ఇళ్లకు దాదాపు అన్నీ 60 చీటీలే. డాబా ఇళ్లకు 150 ఎక్కువ. చీటీ తీసింది నేను. సంచిలో చెయ్యి పెట్టి, తీసి, చూసి, ఎదురుగా చిరిగిన కొంగుతో కూర్చున్న అవ్వను చూసి, 150 లోపల వేసి ఇంకోటి తీసిన సందర్భాలు నాకు గుర్తున్నాయి. అప్పుడు అది దయ అనిపించింది. నూటయాభై అని ఆమె ముఖం మీద అడగడానికి నోరు రాలేదు.

దాని వల్ల ఏం జరుగుతుందో మేడం కాగితం మీద చూపించారు. లేనివాళ్లను తక్కువ ధరే అడిగాను కాబట్టి వాళ్లు ఎక్కువ "తీసుకుంటాం" అన్నారు. లెక్కలో వాళ్లు హాయిగా కట్టగలిగినవాళ్లలా కనిపిస్తారు. రేపు ఎవరైనా ఈ గీత చూసి "పేదలు కూడా సిద్ధంగానే ఉన్నారు, ధర పెట్టండి" అంటే? నేను దయ అనుకుని చేసింది తిరిగి వాళ్లమీదే పడేది.

పంతొమ్మిది ఫారాలు పక్కన పెట్టాం. రేపటి నుంచి గుడ్డ సంచి ఇంటివాళ్ల చేతికే ఇస్తాను, చీటీ వాళ్లే తీస్తారు. ఏది వస్తే అది అడుగుతాను.

ఆగస్టు 6

ఈ రెండు వారాలూ సున్నాల గురించే ఆలోచన. ముప్పైకి కూడా వద్దన్నవాళ్లను "ఎందుకు?" అని తప్పక అడగాలన్నది ఫారంలో ఉంది. జవాబులు నేను అనుకున్నదానికంటే చాలా లోతుగా ఉన్నాయి.

కొందరికి అవసరం లేదు: కొడుకు పట్నంలో కాంపౌండరు, అతనే పంపిస్తాడు. కొందరి దగ్గర లేవు: "పైసలుంటే పెడ్తం, లేకుంటే ఏడికెల్లి పెడ్తం?" మూడో రకం వేరు. ఒక పెద్దాయన నులక మంచం మీద నుంచి లేచి కూర్చుని మరీ చెప్పాడు: "ఓట్లేస్తున్నం. అగ్గిపెట్టె కొన్నా పన్ను కడ్తున్నం. గోలీలిచ్చుడు సర్కారు పని గదా, మల్ల మేమేంటికి ఇయ్యాలె?"

పుస్తకాల్లో దీన్ని నిరసన సున్నా అంటారు. ఆ సేవకు విలువ లేదని కాదు, డబ్బు అడిగే పద్ధతే ఒప్పుకోనని ఆయన అంటున్నాడు. మామూలుగా ఇలాంటి ఫారాలను లెక్కలోంచి తీసేస్తారు, ఎందుకంటే అది ఆయన మనసులోని ధర కాదు. లెక్క కోణంలో అది సరైనదే. కానీ తీసేసి ఊరుకుంటే, ఊళ్లో అందరూ ఎంతో కొంత కట్టడానికి ఒప్పుకున్నట్టు పట్టిక తయారవుతుంది. ఆ పెద్దాయన చెప్పింది ఎక్కడా మిగలదు. నాకది సమ్మతం కాదు. మేడంతో చాలాసేపు మాట్లాడాను. వాళ్లను కలిపి ఒక లెక్క, తీసేసి ఒక లెక్క, రెండూ చూపించి, ఎందరు ఆ మాట అన్నారో విడిగా రాద్దామని ఆవిడ ఒప్పుకున్నారు.

"సర్కారు ఇయ్యాలె" అన్నవాళ్లలో నిజంగా డబ్బుల్లేక, లేవని చెప్పడం నామోషీ అయి, ఆ మాట అన్నవాళ్లు కూడా ఉండవచ్చు. గొంతు బట్టి నాకు కొంత తెలిసింది. ఫారానికి తెలియదు.

ఆగస్టు 14

ఇవాళ్టి ఇల్లు. భార్యాభర్తలిద్దరికీ బీపీ. మందుల సేవ ఆయనకోసమైతే ఎంత అని ఆమెను అడిగాను. నూటయాభైకి వెంటనే తీసుకుంటానంది. నీకోసమైతే? చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకేంటికి అక్కా, నాకు ముప్పై చాలు. నేను నడ్సుకుంట పోయి తెచ్చుకుంట."

ఫారంలో "మీ ఇంట్లో" అని ఒకే ప్రశ్న ఉంది. ఎవరికోసమని లేదు. ఇద్దరికీ ఒకే రోగం, ఒకే గోలీ, ఒకే ఇల్లు. ధర మాత్రం అయిదింతల తేడా. ఇంటి మొత్తానికి ఒక అంకె తీసుకుంటే ఆ ముప్పై ఎప్పటికీ బయటికి రాదు.

సాయంత్రమే మేడంకు ఫోన్ చేశాను. మనుషులను ఏం అడగవచ్చో చూసి అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి సవరణ పంపాలి, రెండు వారాలు పోతాయి అన్నారు. పోనీ అన్నాను. ఇద్దరు రోగులున్న ఇళ్లలో ఇకమీద ఒక్కొక్కరి గురించి విడిగా అడగాలి, వీలైతే మనుషులను కూడా విడివిడిగా కూర్చోబెట్టి. రెండోది చెప్పినంత తేలిక కాదు. భర్త పక్కకు కదలడు. ఆశా అక్క బీపీ మిషన్ పట్టుకుని ఆయన్ను అరుగు మీదికి తీసుకుపోతే ఆ పది నిమిషాలు నాకు దొరుకుతాయి.

ఇది రాస్తుంటే మళ్లీ నాయనమ్మే. తన కోసం ఎవరైనా ధర అడిగి ఉంటే ఏం చెప్పేదో నాకిప్పుడు తెలుసు.

సెప్టెంబరు 2

సవరణ ఇంకా రాలేదు. ఊళ్లలో యూరియా లైన్లు. ఈ నెలలో డబ్బుల ప్రశ్న అడిగినా ఎవరూ నిలబడి వినరు.

సెప్టెంబరు 21

డిపార్ట్‌మెంట్‌లో ప్రోగ్రెస్ చెప్పాను. ఒక సారు సూటిగా అడిగారు: "ఈ అంకె వస్తే ఎవరికి ఉపయోగం? ఫీజు పెట్టడానికా?"

నేను కెన్యా దోమతెరల పని చెప్పాను. జెస్సికా కోహెన్, పాస్కలిన్ డ్యుపా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు గర్భిణులకు దోమతెరలు కొన్ని క్లినిక్కుల్లో ఉచితంగా, కొన్నింటిలో చిన్న ధరలకు ఇప్పించి చూశారు. 2010లో అచ్చయింది. ఉచితం నుంచి 60 సెంట్లకు, అంటే డాలరులో సగం దాటిన చిన్న ధరకు మారగానే తీసుకునేవాళ్లు 60 శాతం పాయింట్లు తగ్గిపోయారు. డబ్బులు పెట్టి కొంటేనే విలువ తెలిసి వాడతారని అంటుంటారు కదా, ఊరికే తీసుకున్నవాళ్ల కంటే కొన్నవాళ్లు ఎక్కువగా వాడిన దాఖలా కూడా అందులో కనిపించలేదు.

అందుకే నా లెక్కలో "తీసుకుంటాం" అన్న అంకె కంటే, ధర పది రూపాయలు పెరిగినప్పుడల్లా ఎవరు జారిపోతున్నారన్నదే నాకు ముఖ్యం. ఆడవాళ్లా, ఒంటరి ముసలివాళ్లా, రేకుల ఇళ్లవాళ్లా? ఎవరైనా ఎప్పుడైనా ఇలాంటి సేవ పెట్టాలనుకుంటే, ఎవరికి ఉచితంగా ఇవ్వకపోతే అది చేరదో ముందే తెలియాలి. సారు వెంటనే ఒప్పుకోలేదు. "పేపర్ రాసేటప్పుడు ఆ మాట మొదట్లోనే రాయి, చివర రాస్తే ఎవరూ చదవరు" అన్నారు. మంచి సలహా.

నవంబరు 24

పత్తి తీత. పొద్దున ఆరింటికే చేలకు పోతున్నారు, చీకటి పడ్డాక వస్తున్నారు. మేం కూడా రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా తిరుగుతున్నాం. జులైలో అడిగినవాటిలో ముప్పై ఇళ్లకు మళ్లీ వెళ్లి అదే ప్రశ్న అడుగుతున్నాం, అప్పటి ధరతోనే.

జులైలో వంద వద్దన్న ఒక రైతు ఇవాళ నూటయాభైకి సరేనన్నాడు. ఆయన రోగం మారలేదు, మనసూ మారలేదు. చేతిలో పత్తి పైసలున్నాయి. అప్పుడు విత్తనాలు, ఎరువులు, ట్రాక్టరు కిరాయి. జులైలో ఒక్కసారే అడిగి వచ్చేసి ఉంటే ఆయన్ను "సిద్ధంగా లేనివాడు" అని రాసేవాళ్లం.

ఆయనే ఇంకో మాట అన్నాడు. "నెలనెలా అంటే కాదు మేడం. పత్తి అమ్మినంక ఒక్కసారి సంవత్సరానికి తీస్కోండ్రి, ఇస్త." ఏడాది మొత్తం ఒకేసారి కట్టడానికి సిద్ధం, నెలనెలా కట్టాలంటే కాదు. లెక్కకు రెండూ ఒకటే, ఆయనకు ఒకటి కాదు. పక్కింటి అవ్వది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. ఆమె బతుకు ఆసరా పింఛను మీద, నెలకు 2,016 రూపాయలు. పింఛను వచ్చిన రోజే అరవై తీసుకోమంటుంది. ఏడాదికి ఒకేసారి ఏడు వందల ఇరవై అంటే ఆమె దగ్గర ఎప్పటికీ ఉండదు.

ఒడిశా పల్లెల్లో దోమతెరల మీద జరిగిన ఒక పెద్ద ప్రయోగంలో, వాయిదాల మీద అప్పుగా ఇస్తే సగం ఇళ్ల దాకా కొన్నాయి, నగదుకైతే అంతమంది కొనలేదని చదివాను. చదివినప్పుడు అది డబ్బు కొరత గురించిన పేపర్ అనుకున్నాను. ఈ రైతునూ అవ్వనూ చూశాక అది డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్న దాని గురించి అని అర్థమైంది. ఫారంలో కొత్త ప్రశ్న చేర్చాం: "ఎప్పుడు కట్టడం మీకు వీలు?"

డిసెంబరు 10

నోటిమాటకూ చేతి డబ్బుకూ తేడా ఎంత? ఇన్ని నెలలూ వెంటాడిన ప్రశ్న. నర్సు సేవ నిజంగా లేదు కాబట్టి దాన్ని అమ్మలేం. అందుకని నిజంగా అమ్మగలిగిన చిన్న వస్తువు ఒకటి తీసుకున్నాం: వారానికి ఏడు గదుల గోలీల డబ్బా. కోఠిలో కొనుక్కొచ్చాను.

పద్ధతి 1964లో బెకర్, డిగ్రూట్, మార్షక్ అనే ముగ్గురు రాసింది. మీరు ఎక్కువలో ఎక్కువ ఎంతకు కొంటారో ముందు చెప్పాలి. తర్వాత సంచిలోంచి చీటీ తీయాలి, అందులో ధర ఉంటుంది. చీటీ ధర మీరు చెప్పినదానికి సమానమో, తక్కువో అయితే చీటీ ధరకే మీకు వస్తుంది. ఎక్కువైతే డబ్బా రాదు, మళ్లీ బేరం లేదు. తక్కువ చెబితే వస్తువు పోవచ్చు. ఎక్కువ చెబితే ఇష్టం లేని ధరకు కొనాల్సి రావచ్చు. కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పడమే లాభం.

వినగానే ఎవరికీ అర్థం కాదు. ముందు బిస్కెట్ పుడతో ఆడించి చూపిస్తున్నాం. చీటీ తీయగానే పిల్లలు చుట్టూ చేరుతున్నారు. ఒకసారి బిస్కెట్ పోగొట్టుకున్నవాళ్లకు రెండోసారి నియమం పూర్తిగా తెలిసిపోతోంది.

డిసెంబరు 13

ఒంటరి తాత. షుగరు, బీపీ రెండూ. పొద్దున గోలీలు వేసుకున్నానో లేదో గుర్తుండదని, ఒక్కోనాడు రెండుసార్లు వేసుకుంటున్నానని ఆయనే చెప్పాడు. ఈ డబ్బా అవసరం ఈ మూడు ఊళ్లలో ఆయనకున్నంతగా ఇంకెవరికీ లేదేమో.

ఇరవై అన్నాడు. చీటీ తీశాడు. ఇరవై అయిదు.

"అయిదు రూపాయలే గదా బిడ్డా, తియ్ ఇస్త" అని అంగీ జేబులో చెయ్యి పెట్టాడు. నియమం ప్రకారం ఇవ్వకూడదు. ఇస్తే పక్కింట్లో అందరూ తక్కువ చెప్పి తర్వాత కలుపుతారు. ఇవ్వలేనని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. డబ్బాను ఒకసారి మూత తెరిచి చూసి, ఏడు గదులూ వేలితో తడిమి, నాకు తిరిగి ఇచ్చాడు.

దారిలో ఆశా అక్క మాట్లాడలేదు. ఇంటికొచ్చి ఫారం చూసుకుంటే తప్పు ఎక్కడుందో కనిపించింది. చీటీ తీసేముందు ఒక పని చేయాలి. "చీటీలో ఇరవై అయిదు వస్తే, అయ్యో తీసుకునేవాణ్నే అనిపిస్తుందా? అనిపిస్తే ఇప్పుడే ఇరవై అయిదు చెప్పండి" అని అడగాలి. ఇక చాలు అనేదాకా ఒక్కో మెట్టూ పైకి అడుగుతూ పోవాలి. చీకటి పడిందని ఆయన దగ్గర నేనది వదిలేశాను. ఇరవై ఆయన ధర కాదు. సరిగ్గా అడిగి ఉంటే డబ్బా ఆయన చేతిలో ఉండేది. ఆ ఫారం మీద "నియమం పాటించలేదు" అని రాసి పక్కన పెట్టాను. ఇది ఎవరికీ చెప్పకుండా ఉంచే విషయం కాదని రాత్రే మేడంకు మెసేజ్ పెట్టాను.

డిసెంబరు 21

మూడు ఊళ్లూ పూర్తయ్యాయి. డబ్బా రానివాళ్లందరికీ చివర్లో ఉచితంగా ఇవ్వాలని ఎథిక్స్ దరఖాస్తులో మొదటే రాసుకున్నాం. ముందే తెలిస్తే ఎవరూ ధర చెప్పరు కాబట్టి మూడో ఊరు అయ్యేదాకా బయట పెట్టలేదు. ఇవాళ ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాం.

తాత ఇంటికి ముందు వెళ్లాను. ఆ రోజు నేను సరిగ్గా అడగలేదని, అందుకే ఆయనకు రాకుండా పోయిందని చెప్పాను. విన్నాడు. డబ్బా తీసుకున్నాడు. తీసుకుని లోపలికి పోయి ఇరవై అయిదు రూపాయలు తెచ్చాడు. వద్దు తాతా, ఇది ఊరికేనే అన్నాను. "అందరికీ ఊరికేనా?" అని అడిగాడు. రానివాళ్లందరికీ అన్నాను. అప్పుడు డబ్బులు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆయనతోపాటు కూర్చుని ఆదివారం నుంచి శనివారం దాకా గోలీలు సర్దాను. బుధవారం గది దగ్గర షుగర్ గోలీలు అయిపోయాయి. మిగతావి ఎప్పుడు తెచ్చుకుంటావు తాతా అంటే, శుక్రవారం పింఛనొస్తది, అప్పుడు పోత అన్నాడు. ఆశా అక్క తన రిజిస్టర్లో ఆయన పేరు రాసుకుంది. రేపు పొద్దున సబ్ సెంటర్ నుంచి తానే తెచ్చిస్తానంది.

ఫారాలు రెండు సంచులయ్యాయి. జనవరి అంతా ఎంట్రీ.